చిలక చదవని ఉత్తరం

"కదలకండి బాబూ, గమ్ము ఆరాలి," అన్నాడు మేకప్పు మనిషి. కదలడం లేదే, అనుకున్నాడు చిలక, కదిలేది మీసం కాదు, లోపల పొట్టకీ గుండెకీ మధ్యనెక్కడో ఏదో కదులుతోంది, దానికి గమ్ము ఎవరు రాస్తారు. అద్దం మీద గడియారంలో పదీ అయిదు. పదకొండింటికి షాట్. ఇంకా యాభై అయిదు నిమిషాలు. గడియారం చూడటం వచ్చు అతనికి, అంకెలతో పేచీ లేదు, అంకెలు పెట్టినచోట ఉంటాయి, పిలిస్తే పలుకుతాయి. అక్షరాలే పలకవు. ఇరవై ఎనిమిదేళ్ళ మనిషి, మూడు సినిమాల్లో రెండో వేషం వేసి నాలుగోదానిలో హీరో అయినవాడు, వీధి గోడల మీద నిలువెత్తు బొమ్మగా నిలబడినవాడు, ఆ బొమ్మ కింద పెద్దపెద్ద అక్షరాల్లో ఉన్నది తన పేరేనా, సబ్బు ప్రకటనా అని అడిగితే చెప్పలేడు. ఈ సంగతి లోకంలో ఒక్క అక్కకే తెలుసు. ఇంకో యాభై అయిదు నిమిషాల్లో షూటింగు ఫ్లోరు మీదున్న నలభై మందికీ తెలుస్తుంది, మధ్యాహ్నం భోజనాల వేళకి ఊరంతా తెలుస్తుంది.

అంతా నిన్న సాయంత్రం మాస్టారు చేసిన నిర్వాకం. దర్శకుణ్ణి అందరూ మాస్టారనే అంటారు, పేరుకి కాదు, ఒకప్పుడు నిజంగానే బళ్ళో పాఠాలు చెప్పిన మనిషి, ఇప్పటికీ వేలు చూపించాడంటే ఎదుటివాడు తనకి తెలియకుండానే లేచి నిలబడతాడు. అప్పటిదాకా తీసిన ముక్కలన్నీ తెర మీద వేసి చూసుకుని, దీపాలు వేయించి, కళ్ళు నలుపుకుంటూ అన్నాడు కదా, "అంతా బాగుంది చిలకా. ఒక్క మాట తడబడవు, కాగితం ముట్టవు. కానీ అదే చిక్కొచ్చి పడిందయ్యా. ముందే తెలిసినవాడిలా ఉంటావు. రేపు ఉత్తరం సీను. ఆ ఉత్తరం కొత్తగా రాయించి కవర్లో పెట్టి అంటించాను. కెమెరా ముందు విప్పి గట్టిగా చదువు. అందులో ఏముందో నీకు తెలియకూడదు. ఏడుపొస్తే ఏడువు, నోరు పెగలకపోతే పెగలనివ్వకు. ఫిల్ము ఒక్క టేకుకే ఉంది, రెండోది అడక్కు." గదిలో అందరూ ఆహా అన్నారు. రచయిత అయితే తొడ మీద చరుచుకున్నాడు. చిలక కూడా నవ్వాడు, అలాగేనండీ అన్నాడు, అలాగేనండీ అనడంలో అతన్ని మించిన నటుడు ఇంకా పుట్టలేదు. కాగితం ముట్టవు, కాగితం ముట్టవు, ఎన్ని పత్రికలు రాశాయని అక్క చదివి వినిపించింది, ఎంత జ్ఞాపకశక్తి అనీ, ఎంత దీక్ష అనీ. దాచుకోవడానికి కప్పుకున్న దుప్పటే ఇవాళ ఉరితాడైంది.

అక్క ఇప్పుడేం చేస్తూ ఉంటుంది, కాజాలు కుడుతూ ఉంటుంది, చొక్కాల కొట్టువాళ్ళు డజన్ల లెక్కన పంపిస్తారు, తమ్ముడు హీరో అయినా మానలేదు, వేళ్ళు ఊరుకోవురా అంటుంది. రేపటి సంభాషణల కాగితాలు సాయంత్రానికి ఇంటికొస్తాయి, వాటిని బల్ల మీద పెట్టి కత్తెర బరువుంచి, సూది ఆడిస్తూనే చదువుతుంది. ఆవిడ చదివితే హీరో, దుర్మార్గుడు, తలుపు చప్పుడు, వాన అన్నీ ఒకటే గొంతు. "నిన్ను విడిచి నేను బతకలేను, కన్నీరు తుడుచుకొనును, వెనుదిరుగును, దారం అయిపోయింది ఆ రీలు ఇలా అందించు." రెండుసార్లు వింటే చాలు అతనికి, మూడోసారికి అటూ ఇటూ నడుస్తూ తనే అప్పజెప్పేస్తాడు, తన మాటలే కాదు ఎదుటివాళ్ళవీ, తలుపు చప్పుడుతో సహా. నిన్న మాత్రం ఖాళీ చేతులతో ఇంటికెళ్ళాడు. రేపటిది కవర్లో ఉంది అన్నాడు. అక్క సూది ఆపింది. "చెప్పెయ్యరా," అంది. ఏం చెప్పమంటావు అని అరిచాడు, అక్క మీద ఎప్పుడూ అరవనివాడు, నీకేం తెలుసు ఆ మనుషుల సంగతి, నవ్వుతారు, నవ్వి నవ్వి చంపేస్తారు. "ఉన్నమాటంటే ఉలుకెక్కువ," అని మళ్ళీ సూది అందుకుంది.

నవ్వుతారు. అది అక్కకి తెలియదు, నాటకాల కంపెనీలో పెరిగింది అతను, ఆవిడ కాదు. నాన్న అక్కడ తెర లాగేవాడు. అమ్మ పోయాక అక్కని పిన్ని ఇంట్లో ఉంచి, ఏడేళ్ళవాణ్ణి తనతో తిప్పుకున్నాడు. ఊరికి పది రోజులు, ఒక ఊళ్ళో ఎనిమిది రోజులు బడికెళ్ళాడు, అ దగ్గర మొదలుపెట్టి ఎక్కడో ఒక సున్నాలా ఉన్నదాని దగ్గర ఆగాడు, సామాన్లు సర్దేశారు. పక్కతెర వెనక ముక్కాలిపీట మీద కూర్చుని మాటలందించే ముసలాయన ఉండేవాడు, ఆయన ఒడిలో కూర్చుని విని విని నాటకాలు నాటకాలే నోటికొచ్చాయి. ఒకరోజు వేషగాడికి జ్వరమొస్తే ఈ బుడతణ్ణి తోశారు, గడగడా అప్పజెప్పేసరికి ఆయనే పెట్టాడు చిలక అని. ఇక ఆ పేరే నిలిచింది, సినిమాలవాళ్ళూ అదే ఖాయం చేశారు. చిలకకి చదువెందుకు అని ఎవరూ అడగలేదు. పైకి ఎదిగేకొద్దీ చదువు వచ్చే ఉంటుందిలే అనుకున్నారు, అనుకోనిచ్చాడు.

ఆ కంపెనీలోనే ఒకాయన ఉండేవాడు, భారీ మనిషి, ఆ గొంతు విప్పితే చివరి బెంచీలో చంటిపిల్ల ఏడుపు మానేసేది. కొత్త యజమాని వచ్చి కాగితాలు రాయించాడు, చదువుకుని సంతకం పెట్టండి అని. ఆయన చాలాసేపు కాగితం పట్టుకుని నిలబడి, బొటనవేలు చూపించాడు. ఆ రోజు నుంచి ఆయన పేరు వేలిముద్ర. వేలిముద్రా టీ తే, వేలిముద్రా కుర్చీ జరుపు. ఒకనాడు ప్రవేశానికి ముందు ఎవరో ఆయన వీపుకి కాగితం ముక్క అంటించారు, మీద ఏదో రాసి. ఆయన వెళ్ళి వేదిక మీద మహారాజులా వెనుదిరిగాడు, అంతే, జనం గొల్లుమన్నారు. ఎందుకు నవ్వుతున్నారో తెలియక ఆయన పంచె చూసుకున్నాడు, కిరీటం తడుముకున్నాడు, నవ్వు ఇంకా పెరిగింది. పక్కతెర వెనక నిలబడి చిలక అందరికంటే గట్టిగా నవ్వాడు. పదహారేళ్ళు అప్పటికి. ఆ కాగితం మీద ఏముందో అతనికీ తెలియదు, ఇవాళ్టికీ తెలియదు, కానీ నవ్వకపోతే పక్కవాడు తన ముఖంలోకి చూస్తాడేమోనని నవ్వాడు. మర్నాడు ఆ మనిషి మూట కట్టుకుని వెళ్ళిపోయాడు.

"ఇటు తిరగండి," అన్నాడు మేకప్పు మనిషి, గడ్డం కింద పౌడరు అద్దుతూ. పదీ ఇరవై రెండు. నేర్చుకోవచ్చుగా, ఎవరొద్దన్నారు, పంతొమ్మిదో ఏట కాబోలు, నాన్న పోయి, తను సొంతంగా గది తీసుకుని అక్కని తెచ్చుకున్న కొత్తల్లో, ఆవిడ బొమ్మలున్న వాచకం కొని తెచ్చింది, దాన్ని రంగుల పెట్టె అడుగున దాచాడు. తోటి నటి ఒకతి పౌడరు కోసం పెట్టె తీసి, ఇదేమిటి, ఎవరికిది అంది. అక్క కొడుక్కి అన్నాడు. అక్కకి పెళ్ళే కాలేదు. ఆ పుస్తకం మళ్ళీ తెరవలేదు. రాకపోవడం కంటే నేర్చుకుంటూ దొరికిపోవడమే ఎక్కువ భయం, ఆ భయానికి తొమ్మిదేళ్ళు నిండాయి, ఈపాటికి దాన్ని బళ్ళో వేస్తే అది చదువుకుని ఉండేది.

"నీకు చదువొచ్చా?" అన్నాడు హఠాత్తుగా.

"అయిదో క్లాసు బాబూ. పేపరు చదువుతా. ఎందుకూ?"

"ఊరికే."

ఊరికే కాదు. కవరు మాస్టారి కోటు జేబులో ఉంది, కోటు ఆయన కుర్చీకి తగిలించి ఉంటుంది, ఫ్లోరు మీదికి రాగానే ఉక్కపోస్తోందని విప్పేస్తాడు. తెచ్చి వీడి చేతిలో పెట్టి, పౌడరు పడి కళ్ళు మండుతున్నాయి కాస్త చదివిపెట్టవోయ్ అంటే, రెండుసార్లు వింటే చాలు, ఒక్కసారైనా చాలు. గమ్ము ఆరిందో లేదో చూసుకోకుండా లేచాడు. నడవా పొడుగునా వైర్లు, వాటిమీద కాలు పడకుండా నడిచాడు. ఫ్లోరులో సగం గోడలున్న ఇల్లు, పైన దీపాలు సరిచేస్తున్నవాళ్ళ కేకలు, మాస్టారు కెమెరామన్‌తో అటువైపు తిరిగి మాట్లాడుతున్నాడు. కోటు ఉంది. చెయ్యి జేబులోకి వెళ్ళింది, సుద్దముక్క, రుమాలు, అదిగో కవరు, గట్టిగా అంటించేశారు, మడతంతా జిగురు బిరుసెక్కి ఉంది. అక్కడే బుర్రలో వెలిగింది, విప్పితే మళ్ళీ అంటించేదెలా. ఇంతలో వెనకనుంచి, "ఏమిటయ్యా?"

"అగ్గిపెట్టె కోసమండీ."

"నువ్వు సిగరెట్టు కాల్చవుగా," అన్నాడు మాస్టారు, అని ఫెళ్ళున నవ్వి అతని చెవి పట్టుకున్నాడు, మెల్లిగానే. "కాపీ కొడదామనే! పదిహేనేళ్ళు బడిపిల్లల్ని కాసినవాణ్ణిరా నాయనా, కాపీ కొట్టేవాణ్ణి వాసన పట్టి చెబుతాను." కెమెరామన్ నవ్వాడు, దీపాలవాళ్ళు పైనుంచి నవ్వారు, చిలకా నవ్వాడు. చెవి మండిపోతోంది. కవరు ఈసారి మాస్టారు చొక్కా జేబులోకి వెళ్ళింది.

పారిపోతే? మీసంతో సహా పెద్ద గేటు దాటి నడిచి వెళ్ళిపోతే, ఎక్కడికి, గోడగోడకీ తనే నిలబడి చూస్తుంటే. కళ్ళు తిరిగినట్టు పడిపోతే డాక్టరొస్తాడు, నాడి పట్టి లక్షణంగా ఉందంటాడు. నోటికొచ్చింది చదివేస్తే? ఉత్తరం రాసిన రచయిత కెమెరా పక్కనే కూర్చుంటాడు, అక్షరం పొల్లుపోతే ఓర్చుకోడు మహానుభావుడు. అసలు ఉత్తరంలో ఎవరు పోయారో, ఎవరు జైలుకెళ్ళారో, చెడ్డకబురని తప్ప ఏమీ తెలియదే. పదీ నలభై. సినిమా కంపెనీవాళ్ళకి ఫోన్లు వెళతాయి, హీరోకి అక్షరమ్ముక్క రాదటండీ అని, అవతలివాళ్ళు నమ్మరు, నమ్మాక నవ్వుతారు, ఎవడో ఒకడు కొత్తపేరు పెడతాడు, అది ఖాయం. అక్క బజారుకెళితే వెనకనుంచి పిలుస్తారు ఆ పేరుతో, వాడి అక్కవా అని.

సగం గోడల ఇంట్లో వాలుకుర్చీలో పెద్దమ్మ కునికిపాట్లు పడుతోంది. తల్లి వేషాలావిడ, పెద్దమ్మ అనే అంటారు అందరూ, ముప్ఫై ఏళ్ళుగా ఎవరు హీరో అయితే వాడికి తల్లి. కథలో ఉత్తరం కొడుకు చదువుతుంటే గుమ్మం దగ్గర నిలబడి విని కూలిపోవాలి, అంతే ఆవిడ పని. చిలక పక్కన చతికిలబడగానే కళ్ళు తెరవకుండానే చెయ్యి అందుకుంది. "మంచుముక్కలా ఉందేంరా చెయ్యి? భయమా?"

"కొత్తగా చేయమన్నారు కదా పెద్దమ్మా."

"నాకింకా భయమేరా. ఆయన ఉన్నప్పుడు తెలిసేది కాదు." ఆయనంటే ఆవిడ భర్త, హార్మోనియం వాయించేవాడు, ఎక్కడికెళ్ళినా వెంట వచ్చి మూల కూర్చునేవాడు, పోయినేడు పోయాడు. అప్పటినుంచి షాట్‌కి ముందు చిన్నవేషాల పిల్లల్ని పిలిచి, నా మాటలు నువ్వైతే ఎలా అంటావో అను, తప్పులు దిద్దుతా అని చెప్పించుకుంటుంది, పెద్దమ్మ దగ్గర నేర్చుకున్నామని ఆ పిల్లలు మురిసిపోతారు. ఎంత ఓపికో ఈవిడకి అనుకునేవాడు చిలక. ఇవాళ ఆ చెయ్యి వదలాలనిపించలేదు. ఆవిడ మళ్ళీ కునుకులోకి జారింది, అతను నిమిషాలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాడు, పదకొండయింది.

దీపాలన్నీ ఒక్కసారి వెలిగేసరికి ముఖం మీద వేడి కొట్టింది. నిశ్శబ్దం అని ఎవరో అరిచారు. తలుపు తట్టినట్టు చప్పుడు, అటు నడిచాడు, పోస్టుమాన్ వేషగాడు కవరు చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు, కవరు చించాలి, చించాడు, మడత విప్పాలి, విప్పాడు. నల్లగా, చిక్కగా, వరసలు వరసలుగా ఉన్నాయి. అందులో ఒక చావు ఉందో ఏముందో, అవి చెప్పవు, అవి అతన్ని చూస్తున్నాయి, అంతే. నుదుటినుంచి చెమట మీసం మీదికి దిగుతోంది. పెట్టెలో ఫిల్ము గిర్రున తిరుగుతోంది, అయిపోతోంది. మాస్టారు ఊపిరి బిగబట్టి ముందుకి వంగాడు, ముఖంలో మెచ్చుకోలు, ఆ మెచ్చుకోలు చూసేసరికి ఇంకా భయమేసింది. చదువు, చదువు, ఏదో ఒకటి. లోపలి గుమ్మం దగ్గర తల్లి నిలబడి ఉంది. ఆ ఒక్కటే దారి కనబడింది. ఒక్క ఉదుటున వెళ్ళి ఉత్తరం ఆవిడ చేతుల్లో పెట్టేశాడు. "నావల్ల కాదమ్మా, నువ్వు చదువు."

మాస్టారు ఆపమనలేదు. కెమెరామన్ చప్పుడు చేయకుండా కెమెరా ఇటు తిప్పాడు. అమ్మయ్య, గండం గడిచిందనుకున్నాడు చిలక, అనుకుని పెద్దమ్మ ముఖంలోకి చూశాడు. ఆవిడ కాగితం చూసింది. అతన్ని చూసింది. ఆ చూపు ఏమిటో మొదట బోధపడలేదు, నన్నెందుకురా ఇందులోకి తోశావు అన్నట్టుంది. తర్వాత గొంతు సవరించుకుని, ముప్ఫై ఏళ్ళ అలవాటుతో వణుకు తెచ్చిపెట్టుకుని, "నాయనా... తమ్ముడు కులాసాగా ఉన్నాడట... వచ్చే నెల వస్తాడట..." అంది.

"కట్!"

"చచ్చిపోయాడండీ తమ్ముడు!" రచయిత లేచి గంతేశాడు. "రెండు పేజీలు కన్నీళ్ళతో రాశాను, చచ్చినవాణ్ణి వచ్చే నెల రప్పిస్తోందీవిడ!" ఫ్లోరంతా పగలబడి నవ్వింది. పెద్దమ్మ కూడా నవ్వబోయి, "కళ్ళజోడు ఇంటిదగ్గర మర్చిపోయాను బాబూ," అంది. ఆవిడకి కళ్ళజోడు ఎవరూ ఎప్పుడూ చూడలేదు. పైనున్న దీపం నుంచి ఊడిపడిన చిన్న మరమేకుని నిన్న నేల మీద కనిపెట్టి ఏరి ఇచ్చింది ఆవిడే. ఆ పిల్లల్ని పిలిచి మాటలు చెప్పించుకోవడం, మూలన కూర్చునే హార్మోనియం ఆయన, అన్నీ చిలకకి ఒక్కసారి అర్థమైపోయాయి, ఈవిడకీ అక్షరాలు పలకవు.

మాస్టారు నవ్వలేదు. "అసలు అలా చేతికివ్వడం ఎంత బాగుందయ్యా చిలకా! అదే ఉంచుదాం. ఫిల్ము ఎక్కడో అక్కడ తెప్పిస్తాను. ఎవరిదైనా కళ్ళజోడు ఇవ్వండి ఆవిడకి. ఏదీ పెద్దమ్మా, ఒకసారి చదివి వినిపించు, చూద్దాం." మేనేజరు తన కళ్ళజోడు తీసి ఇచ్చాడు. ఆవిడ పెట్టుకుంది. ముక్కు మీద అది జారిపోతుంటే ఎగదోసుకుంది. కాగితం ఎత్తి పట్టుకుంది. నలభై మంది చూస్తున్నారు.

ఊరుకుంటే చాలు. చిలక బుర్ర ఎంత చురుగ్గా పనిచేసిందంటే అతనికే అసహ్యం వేసింది. ఊరుకుంటే చాలు, ఇప్పుడు చదవాల్సింది ఆవిడ, తను కాదు. ఆవిడ చదవలేదు. ఇవాళ్టికి ఆపేస్తారు. రేపు ఇంకో తల్లిని తెస్తారు. మధ్యలో ఒక సాయంత్రం దొరుకుతుంది, ఒక్క సాయంత్రం, అక్క, బల్ల, కత్తెర. ఎవరికీ ఏమీ తెలియదు. తనకి చప్పట్లు కూడా. పెద్దమ్మ పెదవులు తడుపుకుంటోంది, ఒక్క మాటా రావడం లేదు, నవ్వు మొదలుకాబోతోంది, గొంతుల్లో సిద్ధంగా ఉంది, అతనికి ఆ చప్పుడు రాకముందే తెలుసు. ఎవరో అప్పుడే, "కళ్ళజోడు పవరు చాలదేమో," అన్నారు. ఇంకెవరో కిసుక్కుమన్నారు. పెద్దమ్మ తన నెరిసిన జుట్టు సరిచేసుకుంది, కిందికి చూసుకుంది, తనమీద ఏమైనా అంటుకుని ఉందేమోనన్నట్టు.

"నాకు చదవడం రాదండీ," అన్నాడు చిలక.

మెల్లిగా అందామనుకున్నాడు. చివరి బెంచీకి వినిపించేలా పెరిగిన గొంతు అది, పైకప్పుకి తగిలి కిందికొచ్చింది. "అక్షరం రాదు మాస్టారూ. అక్క చదివి వినిపిస్తుంది, నేను అప్పజెబుతాను. ఇవాళ ఆవిడ మీదికి తోసింది అందుకే. ఎవరి కళ్ళజోడో పెట్టి ఆవిణ్ణి నిలబెట్టకండి. తప్పు నాది." ఇంతే. ఇరవయ్యేళ్ళు దాచింది ఇంత చిన్న మాటలా, మూరెడు కూడా లేవు. కూర్చుంటే బాగుండును, కూర్చుంటే పడిపోయాడంటారు. ఎవరూ నవ్వలేదు ఇంకా. ఇంకా, అనుకున్నాడు. పైన ఒక దీపం చిటపటలాడింది.

మాస్టారు అతన్నే చూశాడు. కోపమో, ఆశ్చర్యమో, పదిహేనేళ్ళు పిల్లల్ని కాసి కూడా ఇది కనిపెట్టలేకపోయానే అన్న చిన్నతనమో, ఆ ముఖం చదవడం కూడా రాలేదు చిలకకి. "మిగతాది రేపు మాట్లాడదాం," అన్నాడు, ముభావంగా. రేపు. ఆ రేపులో ఏముందో. ఆయన రచయిత వైపు తిరిగి, "ఉత్తరం తీసుకుని అతని దగ్గర కూర్చుని చదివి వినిపించు," అన్నాడు.

రచయిత ఏదో అనబోయి, మాస్టారి వేలు చూసి, ముక్కాలిపీట లాక్కుని కూర్చున్నాడు. ఒకసారి చదివాడు. చిలకకి ఒక్క ముక్క ఎక్కలేదు. అందరూ వింటుండగా, జీవితంలో మొదటిసారి అక్కని కాక పరాయివాణ్ణి అడిగాడు, "ఇంకోసారి చదువుతారా?"

పెద్దమ్మ మేనేజరు కళ్ళజోడు మడిచి ఇచ్చేసింది. వాలుకుర్చీని తనే బరబరా ఈడ్చుకొచ్చి చిలక పక్కన వేసుకుని కూర్చుంది.

"కాస్త గట్టిగా చదువు నాయనా," అంది రచయితతో. "నాక్కూడా వినపడాలి."